‘నిజం చెప్తే చాలు కదా సార్’: ఒక చీటింగ్ కేసు, మొదటి ఫోన్ కాల్ నుంచి రాజీ దాకా

క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించే లాయర్‌ని. నేను చూసిన వాటిలో ఇది పెద్ద కేసేమీ కాదు. పేపర్లో రాలేదు, కొత్త లా పాయింటూ పుట్టలేదు. కానీ మామూలు మనిషి మీద క్రిమినల్ కేసు పడితే ఎక్కడెక్కడ తడబడతాడో ఇందులో వరసగా కనిపిస్తుంది. అందుకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. వ్యాపారం రకం, మొత్తాలు కొంచెం మార్చాను. కేసు నడిచిన క్రమం మాత్రం మార్చలేదు.

నేపథ్యం

క్లయింట్‌కి నలభై దాటాయి, హోల్‌సేల్ వ్యాపారం. ఫిర్యాదుదారు చాలా ఏళ్లుగా తెలిసినవాడే, రెండు కుటుంబాలకీ రాకపోకలున్నాయి. 2022లో వ్యాపారం పెంచుదామని క్లయింట్ అతని దగ్గర విడతలుగా 30 లక్షలు తీసుకున్నాడు. చాలావరకు బ్యాంకు ద్వారా, కొంత చేతికి. నెలనెలా లాభంలో వాటా ఇస్తానన్నాడు. భాగస్వామ్య పత్రం రాసుకోలేదు. ఒక ప్రామిసరీ నోటు, సంతకం చేసిన రెండు ఖాళీ చెక్కులు, అంతే.

14 నెలలు వాటా పంపాడు, అదీ బ్యాంకు ఖాతా నుంచే. తర్వాత ఒక పెద్ద పార్టీ సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టింది. వ్యాపారం కుదేలైంది, వాటాలు ఆగాయి. అతను అడగడం, ఈయన ఇదిగో అదిగో అనడం, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు, చివరికి లాయర్ నోటీసు. నోటీసుకి జవాబివ్వలేదు. "మనవాడే కదా సార్, కోపంలో పంపాడు, మాట్లాడుకుంటే సర్దుకుంటుంది అనుకున్నా" అన్నాడు.

అతను సివిల్ కోర్టుకి పోవచ్చు, చెక్కులు వేసి బౌన్స్ కేసు పెట్టొచ్చు. కానీ సివిల్ దావా అంటే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు, ఆపైన ఏళ్లు. పోలీస్ ఫిర్యాదుకి ఫీజు లేదు, భయం మాత్రం మొదటిరోజు నుంచే పనిచేస్తుంది. డబ్బు తగాదాలు చీటింగ్ కేసులుగా మారడానికి నాకు తెలిసి ముఖ్య కారణం ఇదే. అతన్ని తప్పుపట్టాలని చెప్పడం లేదు. అతని డబ్బు నిజంగానే పోయింది.

నా దగ్గరికి రాకముందే జరిగినవి

స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, "మీ మీద పిటిషన్ వచ్చింది, ఒకసారి వచ్చి వెళ్లండి" అని. అప్పటికి ఎఫ్‌ఐఆర్ కాలేదు. కాగ్నిజబుల్ నేరం (వారెంట్ లేకుండానే పోలీసు అరెస్టు చేయగలిగేది) కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని లలితకుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే వ్యాపార లావాదేవీల్లాంటి వాటిలో ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చని అదే తీర్పులో మినహాయింపూ ఇచ్చింది. క్లయింట్‌కి వచ్చిన ఫోన్ ఆ విచారణ కోసమే. ఆయన మాత్రం దాన్ని పంచాయితీ అనుకున్నాడు.

లాయర్‌ని తీసుకెళ్లలేదు. "లాయర్‌తో వెళ్తే తప్పు చేసినట్టుంటుంది" అని బావమరిది అన్నాడట. ఇద్దరికీ తెలిసిన ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లాడు. రెండు గంటల మాటల తర్వాత ఎవరో ఒక కాగితం రాశారు, ఈయన సంతకం పెట్టాడు. నెలలోపు 5 లక్షలు ఇస్తానన్నది అందులో ముఖ్య విషయం. పైన మాత్రం ఇంకో వాక్యం ఉంది. డబ్బు తీసుకునేనాటికే తిరిగివ్వాలన్న ఆలోచన తనకి లేదన్నట్టు అర్థం వచ్చేలా రాసుంది. అది ఆయన చదవనేలేదు. ఈ వాక్యం కేసు చివరిదాకా మమ్మల్ని వెంటాడింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి భయంతో ఫిర్యాదుదారుతో ఉన్న వాట్సాప్ చాట్ మొత్తం చెరిపేశాడు. "నీ డబ్బు నా బాధ్యత, ఇల్లమ్మైనా ఇస్తా" అని తాను పంపిన మెసేజ్‌లు తనకి ప్రమాదమనుకున్నాడు. నిజానికి ఇస్తానని చెప్పడం నేరం కాదు. వాటితోపాటు అవతలివాడి వాయిస్ మెసేజ్‌లూ పోయాయి. ఫలానా పార్టీ ముంచిందని తనకి తెలుసని, తొందరేం లేదని అతను చెప్పినవి. మోసం లేదనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఈ కేసులో లేదు. ప్రమాదమనుకున్న మెసేజ్‌లు మాత్రం అవతలి ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి. కేసు రాబోతోందని తెలిసి ఆధారాలు చెరిపేస్తే అదే ఇంకో నేరం కూడా కావచ్చు. అదృష్టం కొద్దీ ఇందులో అంతదూరం పోలేదు.

వారంలో 2 లక్షలు నగదుగా పెద్దమనిషి చేతికిచ్చాడు. రసీదు లేదు. మిగతాది సర్దలేకపోయాడు. నెల దాటగానే ఎఫ్‌ఐఆర్ అయింది.

మొదటి మీటింగ్

వాట్సాప్‌లో వచ్చిన పోలీసు నోటీసు చూపించాడు. కుటుంబమంతా వచ్చారు, ఒక్కొక్కరిది ఒక్కో టెన్షన్. ఆయన మాత్రం ఒకటే మాట: "నేను మోసం చేయలేదు. వెళ్లి నిజం చెప్తే చాలు కదా సార్?"

క్రిమినల్ కేసులో ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ప్రశ్న ఉంటుంది. నోటీసు దగ్గర పోలీసు చూసేది, ఈ మనిషి పిలిస్తే వస్తాడా, లేక అరెస్టు చేయాల్సిందేనా అని. బెయిల్ దగ్గర జడ్జి చూసేది, పారిపోతాడా, సాక్షుల జోలికి పోతాడా అని. ఛార్జ్ (కోర్టు అభియోగం మోపే దశ) దగ్గర చూసేది, పోలీసుల కాగితాలన్నీ నిజమే అనుకున్నా ఈ సెక్షన్ కింద నేరం అవుతుందా అని. నేరం చేశాడా లేదా అన్న ప్రశ్న ట్రయల్లోనే వస్తుంది. అక్కడ కూడా సందేహానికి తావులేకుండా రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే. ఈయన ట్రయల్లో చెప్పాల్సిన జవాబు నోటీసు దగ్గరే చెప్పేయాలనుకుంటున్నాడు. అడగని ప్రశ్నకి జవాబు చెప్తూ అడిగినదాన్ని వదిలేయడం, నా క్లయింట్లలో పదిమందిలో ఎనిమిదిమంది చేసేది ఇదే.

ఆ కుటుంబాన్ని గందరగోళపెట్టిన ఇంకో సంగతి సెక్షన్లు. ఎఫ్‌ఐఆర్‌లో పాత శిక్షాస్మృతి ఐపీసీ 420 (మోసం), 406 (నమ్మకద్రోహం) ఉన్నాయి, నోటీసులో కొత్త విధాన చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) (విచారణకి హాజరు కమ్మనేది). "పాత చట్టం పోయిందంటున్నారు కదా, మరి 420 ఎలా పెట్టారు?" అని ఆయన కూతురు అడిగింది. మంచి ప్రశ్న. కొత్త చట్టాలు 2024 జూలై 1న అమల్లోకి వచ్చాయి. నేరం జరిగిందంటున్నది 2022లో కాబట్టి దానికి పాత ఐపీసీయే. కేసు కట్టింది, దర్యాప్తు చేస్తున్నది ఆ తేదీ తర్వాత కాబట్టి విధానం కొత్త చట్టం ప్రకారం. స్టేషన్లలో ఇప్పటికీ అందరూ ‘41ఏ నోటీసు’ అనే అంటారు, దాని కొత్త నంబరే 35(3). ఇంకో తిరకాసు ఏమిటంటే, పాత విధాన చట్టం సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని అడిగేది). ఇప్పుడు 482 అంటే ముందస్తు బెయిల్, క్వాష్ 528కి మారింది. పాత వీడియోలు చూసొచ్చేవాళ్లకి ఇది చెప్పడానికే సగం సమయం పోతుంది.

వెళ్లాలా, వద్దా

మూడు దారులు బల్లమీదికొచ్చాయి. బావమరిది ఫోన్ ఆపేసి కొన్నాళ్లు వేరే ఊళ్లో ఉండమన్నాడు. భార్య ముందస్తు బెయిల్ వేసేదాకా గడప దాటొద్దంది. తమ్ముడు, వాట్సాప్ నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి జవాబే ఇవ్వక్కర్లేదన్నాడు.

తమ్ముడు చెప్పింది చట్టరీత్యా నిజమే. ఈ నోటీసులు వాట్సాప్‌లాంటి వాటి ద్వారా ఇవ్వకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ ఆ పాయింట్ పట్టుకుని ఇంట్లో కూర్చుంటే ఏమవుతుంది? మర్నాడు ఐఓ (దర్యాప్తు అధికారి) మనిషిని పంపి కాగితం చేతికిస్తాడు. మనకి మిగిలేది ‘సహకరించడం లేదు’ అన్న ముద్ర. ఇక్కడ అడుగుతున్న ప్రశ్న పిలిస్తే వస్తాడా అన్నదే అయినప్పుడు రాకపోవడానికి వంద కారణాలు చూపించి లాభం లేదు.

ముందస్తు బెయిల్ గురించి కూడా ఆలోచించాం. 420కి గరిష్ఠంగా 7 ఏళ్లు, 406కి 3 ఏళ్లు. ఏడేళ్ల దాకా శిక్షపడే నేరాల్లో అరెస్టు దానంతటది జరిగిపోకూడదని, ఎందుకు అవసరమో పోలీసు కారణాలు రాసుకోవాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు ఇచ్చి, మనిషి దాన్ని పాటిస్తుంటే, అవసరమని కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదని సెక్షనే చెప్తోంది. ఇలాంటి కేసుల్లో ముందస్తు బెయిల్‌కి వెళ్తే ‘35(3) ప్రకారం నడుచుకోండి’ అని పోలీసులకి చెప్పి పిటిషన్ ముగించడం తరచూ చూస్తుంటాం. అంటే ఖర్చుపెట్టి, రోజులు పోగొట్టుకుని ఇప్పుడున్న చోటికే వస్తాం. ఇదే నేరం పదేళ్ల శిక్షదైతే నేను భార్య మాటే వినేవాణ్ని.

కాబట్టి ఐఓకి ఒక ఉత్తరం రాశాం. నోటీసు ఇచ్చిన పద్ధతి మీద అభ్యంతరం వదులుకోవడం లేదు, అయినా ఫలానా తేదీన హాజరవుతాడు అని. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఒక కాపీ స్టేషన్లో ఇచ్చి స్టాంపు వేయించుకున్నాం.

ఏం చెప్పాలి, ఏం ఇవ్వాలి

రాజ్యాంగం 20(3) ప్రకారం ఎవరినీ తనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. విచారణలో నేరం తన మీద పడేలా ఉన్న ప్రశ్నలకి జవాబు చెప్పనక్కర్లేదని బీఎన్‌ఎస్‌ఎస్ 180 కూడా చెప్తోంది. పోలీసు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదు. పోలీసు ముందు నేరం ఒప్పుకున్నా దాన్ని ముద్దాయి మీద రుజువుగా వాడకూడదు. ఇవన్నీ చెప్పాక ఆయన వేసిన ప్రశ్న: "అయితే నోరే విప్పొద్దా?"

అలా కాదు. పేరు, ఊరు, వ్యాపారం, డబ్బు తీసుకున్న సంగతి, ఇవి దాచేవి కావు, దాస్తే పరువు పోతుంది. డబ్బు ఎందుకు తీసుకున్నారు, ఏ నెలలో ఎంత మిగిలింది, ఏ పార్టీ ఎంత ఎగ్గొట్టింది, ఇవి నోటితో చెప్తే తేదీలు తప్పుతాయి. రెండుచోట్ల రెండు అంకెలు చెప్తే అదే రేపు మనమీదికొస్తుంది. కాబట్టి నోటితో చెప్పేది తక్కువ, కాగితంతో ఇచ్చేది ఎక్కువ అన్నాను.

ఏమీ ఇవ్వకూడదు, డిఫెన్స్ ముందే బయటపెట్టకూడదు అనే సీనియర్లు ఉన్నారు. చాలా కేసుల్లో వాళ్ల మాట సరైనదే. ఇందులో నేను వేరే దారి పట్టడానికి కారణం ఉంది. ఛార్జ్ వేసే దశలో కోర్టు మామూలుగా ప్రాసిక్యూషన్ పెట్టిన కాగితాలే చూస్తుంది. ముద్దాయి తనవంటూ కొత్త పత్రాలు తెచ్చి చూపించడానికి వీల్లేదని 2004లో దేవేంద్రనాథ్ పాఢి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మనకి పనికొచ్చే కాగితం ఛార్జిషీట్లోకి ఎక్కాలంటే దర్యాప్తు జరుగుతుండగానే ఐఓ ఫైల్లోకి చేరాలి. ఏళ్లు పట్టే ట్రయల్ దాకా ఆగే ఓపిక, డబ్బు ఈయనకి లేవు. అందుకే ఖాతా స్టేట్‌మెంట్లు, 14 నెలల బదిలీలు, సరుకు కొన్న బిల్లులు, జీఎస్‌టీ రిటర్నులు, ఎగ్గొట్టిన పార్టీకి పంపిన ఇన్‌వాయిస్‌లు, అన్నీ పేజీ నంబర్లు వేసి, జాబితా పెట్టి ఇచ్చాం. అందినట్టు సంతకం తీసుకున్నాం. ఐఓ స్వయంగా బ్యాంకుకి రాసి ఖాతా వివరాలు తెప్పించుకున్నాడు. మేం ఇచ్చిన లెక్కలు సరిచూసుకోవడానికే అయినా, దాంతో అవి ప్రాసిక్యూషన్ కాగితాలైపోయాయి. మేం కోరుకున్నదీ అదే.

ఫోన్ అడిగారు, ఇచ్చాం. స్వాధీనం చేసుకున్నట్టు కాగితం తీసుకున్నాం.

అరెస్టు

రెండోసారి రమ్మన్న రోజున ఆయన వెళ్లలేదు. దగ్గరి బంధువుల పెళ్లి. "ఒక్కరోజే కదా, రేపు వెళ్తా" అనుకుని నాకూ చెప్పలేదు, ఐఓకీ చెప్పలేదు. ముందురోజు ఒక్క లైను రాసిచ్చి ఉంటే సరిపోయేది. నోటీసు పాటించకపోతే అరెస్టు చేసే అధికారం అదే సెక్షన్లో ఉంది. శుక్రవారం సాయంత్రం అరెస్టు చేశారు.

అరెస్టయితే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కారణాలు రాతపూర్వకంగా, అర్థమయ్యే భాషలో ఇచ్చారా? ఇంట్లోవాళ్లకి చెప్పారా? 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకి తెచ్చారా? ఇందులో అన్నీ సక్రమంగానే చేశారు. కాబట్టి అరెస్టు చెల్లదన్న వాదన ఎత్తలేదు. లేని లోపాన్ని పట్టుకుని వాదిస్తే ఉన్న వాదన కూడా పలచబడుతుంది. రిమాండ్ అయింది.

సోమవారం బెయిల్ వేశాం. కుటుంబం ఎక్కడెక్కడో సర్ది 10 లక్షలు కోర్టులో కడతామంది, "అప్పుడు జడ్జిగారికి మన నిజాయితీ తెలుస్తుంది సార్". నేను వద్దన్నాను. బెయిల్ కోర్టులు బాకీ వసూలుకి కాదని, చీటింగ్ కేసుల్లో సొమ్ము కడితేనే బెయిల్ అనడం సరికాదని 2023లో రమేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఒకసారి కడతామని చెప్పి కట్టలేకపోతే బెయిల్ రద్దుకి మనమే కారణం ఇచ్చినట్టు. జడ్జి చూసేది పారిపోతాడా అని. దానికి జవాబుగా సొంత ఇల్లు, పిల్లల చదువు, మొదటి నోటీసుకి హాజరైన రికార్డు, ఇచ్చిన పత్రాల జాబితా, స్వాధీనమైన ఫోన్ చూపించాం. రాకపోయిన రోజు గురించి దాచకుండా పెళ్లి పత్రిక పెట్టాం. బెయిల్ వచ్చింది.

బెయిల్ వచ్చిన రోజే మనిషి ఇంటికొస్తాడని అందరూ అనుకుంటారు. షూరిటీలు (పూచీ ఇచ్చేవాళ్లు) ఇద్దరు కావాలి, వాళ్ల ఆస్తి కాగితాలు సరిచూడాలి, విడుదల ఉత్తర్వు జైలుకి చేరాలి. ఈయనకి షూరిటీ ఇస్తానన్నవాళ్లలో ఒకాయన చివరి నిమిషంలో రానన్నాడు. ఆర్డర్ చేతిలో ఉండి కూడా మూడు రోజులు లోపలే ఉన్నాడు. షూరిటీలని బెయిల్ వేసేరోజే సిద్ధం చేసుకోమని అప్పటినుంచి ప్రతి కుటుంబానికీ చెప్తున్నాను. అదే రిమాండ్‌లో లాయర్ లేని ఒక కుర్రాడు ఉన్నాడు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చాలు. ఆ కుర్రాడి ఇంట్లోవాళ్లకి ఈ సంగతి తెలియదు.

పనిచేయనిది: క్వాష్

జైలు నుంచి వచ్చాక ఆయనకి ఒకటే పట్టు, కేసు కొట్టేయించాలి. హైకోర్టులో 528 కింద పిటిషన్ వేశాం. మా వాదన: చీటింగ్ అవ్వాలంటే డబ్బు తీసుకునే క్షణంలోనే మోసం చేసే ఉద్దేశం ఉండాలి, తర్వాత ఇవ్వలేకపోవడం మోసం కాదు. ఇది ఎప్పటినుంచో స్థిరపడ్డ సూత్రం. 14 నెలలు వాటా ఇచ్చినవాడికి మొదట్లోనే దురుద్దేశం ఉందని ఎలా అంటారు?

వాదన బలంగానే ఉంది. కానీ స్టేషన్లో సంతకం పెట్టిన కాగితం ఎదురొచ్చింది. అది పోలీసుల సమక్షంలో రాయించినది, చెల్లదని మేమంటే, అది పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం కాదు, ఎఫ్‌ఐఆర్‌కి ముందు ఫిర్యాదుదారుకి రాసిచ్చిన ఉత్తరమని ప్రాసిక్యూషన్ అంది. ఇలాంటి వివాదాస్పద విషయాల్లోకి ఈ దశలో హైకోర్టు దిగదు. దర్యాప్తు పూర్తికానివ్వండి, మీ అభ్యంతరాలు కింది కోర్టులో చెప్పుకోండి అని పిటిషన్ ముగించింది. క్వాష్ అనేది కేసు తొలిదశలో అరుదుగా వాడే అధికారమని, ఆ ఒక్క కాగితం వల్ల అవకాశం ఇంకా తక్కువని ముందే చెప్పి వేశాం కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆయన మాత్రం ‘హైకోర్టులో ఓడిపోయాం’ అని కుంగిపోయాడు. ఓడిపోవడం కాదని, తలుపు కిందిచోట తెరిచే ఉందని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

పనిచేసినది: డిశ్చార్జ్, అదీ సగమే

ఛార్జిషీట్ పడింది, సీసీ నంబర్ (కోర్టులో కేసు నంబర్) వచ్చింది, సమన్లు వచ్చాయి. ఛార్జిషీట్ పడితే దోషి అయిపోయినట్టు బంధువులు ఫోన్లు చేయడం మొదలైంది. దర్యాప్తు ముగిసింది, పోలీసుల అభిప్రాయం ఇదీ అని కోర్టుకి చెప్పడమే ఛార్జిషీట్.

కొత్త చట్టంలో ముద్దాయిలు గమనించాల్సిన గడియారం ఒకటి ఇక్కడ మొదలవుతుంది. కోర్టు ముందుకి వచ్చిన 14 రోజుల్లోపు కాగితాల కాపీలు ఇవ్వాలి. ఇలాంటి వారంట్ కేసుల్లో (రెండేళ్లకి మించి శిక్షపడే నేరాలవి) అవి అందిన 60 రోజుల్లోపు డిశ్చార్జ్ పిటిషన్ (ట్రయల్‌కి ముందే కేసు నుంచి తప్పించమని అడిగేది) వేసుకోవాలి. పాత చట్టంలో ఈ గడువు లేదు. అందుకే కాపీలు తీసుకున్న తేదీ కోర్టు రికార్డులో పడేలా చూసుకుని, కూర్చుని ప్రతి పేజీ చదివాం. క్లయింట్‌నీ చదివించాను. ఎగ్గొట్టిన పార్టీ చిరునామా సాక్షి వాంగ్మూలంలో తప్పుగా ఉందని పట్టుకున్నది ఆయనే.

డిశ్చార్జ్ పిటిషన్లో ప్రధానంగా రెండు పాయింట్లు. ఒకటి, ఐఓ తెప్పించిన బ్యాంకు స్టేట్‌మెంట్లోనే వాటాలు కనిపిస్తున్నాయి, వచ్చిన డబ్బు సరుకుకి వెళ్లినట్టూ కనిపిస్తోంది. ఇది మా కాగితం కాదు, ప్రాసిక్యూషన్‌దే. రెండు, 420, 406 ఒకే సంఘటన మీద పక్కపక్కన నిలబడవు. మోసంలో మొదటినుంచే దురుద్దేశం ఉండాలి. నమ్మకద్రోహంలో మొదట నమ్మి అప్పగించాలి, తర్వాత దుర్వినియోగం జరగాలి. ఒకే లావాదేవీ రెండు నేరాలూ కావడానికి వీల్లేదని 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. రెండు సెక్షన్లూ కలిపి అలవాటుగా పెట్టేయడం మీద అసంతృప్తి కూడా తెలిపింది.

కోర్టు 406 తీసేసింది. 420 ఉంచింది, స్టేషన్ కాగితం విలువ ట్రయల్లో తేలాలని. ఛార్జ్ చదివి వినిపించారు, నేరం చేయలేదని చెప్పాడు. రివిజన్‌కి (ఈ ఆర్డర్‌ని పైకోర్టులో సవాలు చేయడానికి) వెళ్దామా అని ఆలోచించాం. వెళ్తే మళ్లీ నెలలు పడుతుంది, జవాబు కూడా అదే రావచ్చు. ఆ సమయం ఫిర్యాదుదారు క్రాస్‌కి (మేం వేసే ఎదురు ప్రశ్నలకి) సిద్ధమవడానికి వాడితే మేలనిపించింది.

వాయిదాల గురించి ఒక్క మాట. రాలేని రోజు ముందుగా పిటిషన్ వేస్తే గైర్హాజరుని కోర్టు మన్నించే వీలుంది. చెప్పకుండా మానేస్తే నాన్ బెయిలబుల్ వారెంట్. పెళ్లి పాఠం తర్వాత ఆయన ఒక్క వాయిదా తప్పలేదు.

రాజీ

ఫిర్యాదుదారు చీఫ్ (ప్రాసిక్యూషన్ అడిగి చెప్పించే సాక్ష్యం) అయింది, క్రాస్ మొదలైంది. 14 నెలల వాటాలు అందాయని ఒప్పుకున్నాడు. డబ్బు పెట్టకముందు గోడౌన్‌కి వెళ్లి సరుకు చూశానన్నాడు. స్టేషన్ కాగితం చేతిరాత ఎవరిదో తెలియదన్నాడు. 2 లక్షల నగదు మాత్రం అందలేదన్నాడు. రసీదు లేదు కాబట్టి మేం చేయగలిగింది లేదు. పెద్దమనిషి ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పనన్నాడు.

ఆ వాయిదా తర్వాత అవతలి లాయర్ మాట్లాడదామన్నారు. నిర్దోషిగా బయటపడే అవకాశం బాగానే ఉందని క్లయింట్‌కి చెప్పాను. దాంతోపాటు, కేసు గెలిచినా బాకీ పోదని, ప్రామిసరీ నోటు, చెక్కులు ఇంకా అతని దగ్గరే ఉన్నాయని కూడా చెప్పాను. నేరం చేయలేదు, డబ్బు మాత్రం ఇవ్వాలి. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఆయనకి మొదటిసారి అర్థమైంది అప్పుడే. ఇచ్చిన వాటాలు కొంత తీసేసి 21 లక్షలకి కుదిరింది. ఆ 2 లక్షలు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

‘కేసు వాపస్ తీసుకుంటా’ అని ఫిర్యాదుదారు చెప్తే సరిపోతుందనుకుని డబ్బిచ్చి మోసపోయినవాళ్లని చూశాను. ఎఫ్‌ఐఆర్ కట్టాక కేసు ప్రభుత్వానిది. చీటింగ్‌లో మోసపోయిన వ్యక్తి రాజీపడొచ్చు, కానీ కోర్టు అనుమతి ఉండాలి. అందుకే డబ్బంతా డీడీల రూపంలో, కోర్టు రికార్డులో నమోదు చేయిస్తూ విడతలుగా ఇచ్చాం. చివరి డీడీ రోజున ప్రామిసరీ నోటు, రెండు చెక్కులు జడ్జి ముందే వెనక్కి తీసుకున్నాం. మెమోలో వాటి నంబర్లు రాయించాం. ఇది మర్చిపోతే రాజీ అయిన ఏడాదికి చెక్ బౌన్స్ నోటీసు వస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ రికార్డయింది. చట్టం ప్రకారం అలాంటి రాజీకి నిర్దోషిగా విడుదలైనంత విలువ ఉంటుంది.

ఆ తర్వాత కూడా పని మిగిలింది. ఫోన్ కోసం పిటిషన్ వేసి తెచ్చుకున్నాం, షూరిటీల పత్రాలు వెనక్కి ఇప్పించాం. తీర్పు సర్టిఫైడ్ కాపీ ఒకటి స్టేషన్లో ఇచ్చి, కేసు ముగిసినట్టు వాళ్ల రికార్డులో ఎక్కించమని రాసిచ్చి అందినట్టు సంతకం తీసుకున్నాం. ఆరు నెలలకి ఆయన కూతురి పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి ఇంటికొచ్చిన కానిస్టేబుల్ తండ్రి కేసు గురించి అడిగాడు. ఆ కాపీ, ఆ సంతకం చూపించారు.